మొదటి ట్యూబు

ఆసుపత్రి వెనక ఉమ్మి పరీక్షల గది. ఉదయం తొమ్మిదిన్నర దాటింది. ముసలి టెక్నీషియన్, ఆయన దగ్గర నాలుగు నెలల కిందట చేరిన అమ్మాయి.

"ఆ నాబ్ మీంచి చెయ్యి తియ్యండి మాస్టారూ."

"ఏం, కాలుతుందా?"

"తియ్యండి ముందు. ఇవాళ తిప్పకండి."

"ఇరవై రెండేళ్లుగా తిప్పుతున్నానమ్మాయ్. ఉమ్మిలో ఉప్పులు కొలిచే ఈ మంట మెషీన్ కొన్ననాటికి నువ్వు పలక పట్టుకుని తిరుగుతూ ఉంటావు. రోజూ మొదటి ట్యూబు నాది. నా ఉమ్మి పెట్టి నాబ్ సరిచేశాకే మిగతా లోకం. ఇవాళ కొత్తగా ఏమొచ్చింది?"

"పదకొండింటికి సూపరింటెండెంటు నా చేతిలో కాగితం పెట్టబోతున్నాడు. అదొచ్చింది."

"ఓ, అదా."

"అదే. రేపట్నుంచి రావద్దని."

"ఇంకా పెట్టలేదుగా. నేను మాట్లాడతాలే. కానీ ఇవాళ కాదు. పదిన్నరకల్లా నేను బయటపడాలి. మా ఆవిడకి పదకొండింటికి ఆపరేషను, చెప్పాగా."

"చెప్పారు. పిత్తాశయంలో రాళ్లు. మీరు టైముకే వెళ్దురుగాని, ఒక్క అరగంట కూర్చోండి."

"నిలబడే వింటా. చెప్పు."

"నా మీద మీరు రాసిచ్చారా?"

"ఏం రాసిచ్చాను?"

"ట్యూబులు సరిగ్గా కడగదు, అందుకే నాలుగు నెలలుగా రిపోర్టులు తప్పుతున్నాయి అని. కింద మీ సంతకం. గుమస్తా చూపించాడు."

"కడగదని రాయలేదు. 'కడిగే విషయంలో మరింత శ్రద్ధ అవసరం' అని రాశాను."

"తేడా ఏమిటి?"

"తేడా అంటే... మర్యాద."

"మాస్టారూ!"

"మరేం రాయమంటావు చెప్పు? ఫౌండ్రీ వాళ్లొచ్చి వరండాలో గోల గోల చేశారు. కొలిమి దగ్గర పనిచేసే పదకొండు మందిని, ఒంట్లో ఉప్పు అడుగంటిందని మన రిపోర్టు చూసి ఇంట్లో కూర్చోబెట్టారు. తీరా రక్తం తీసి చూస్తే అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు. ఇరవై రెండేళ్లలో ఒక్క మాట పడలేదు నేను. నాలుగు నెలల్లో ఈ గదిలో ఏం మారింది? నువ్వొచ్చావు. ఇంకేం మారింది?"

"నేనూ అదే అడుగుతున్నా. ఇంకేం మారింది?"

"ఏం మారలేదు."

"ఆలోచించి చెప్పండి."

"ఏం మారలేదన్నానా!"

"సరే, అరవకండి. మంచినీళ్లు తాగండి."

"తాగుతూనే ఉన్నా."

"పొద్దున్న ఏడింటికే వచ్చాను. ఉప్పులు నేనే తూచి, మెషీన్‌ని సరిచూసే సీసా నీళ్లు కొత్తగా కలిపాను. సోడియం పది, పొటాషియం ఇరవై. మీరు నిన్న వదిలిన నాబ్‌ని కదపకుండా ఆ నీళ్లు పెట్టి చూశా. పది ఉన్న సోడియాన్ని మెషీన్ రెండున్నర కూడా లేదంటోంది. ఇరవై ఉన్న పొటాషియాన్ని ముప్పై నాలుగంటోంది."

"సీసా నీళ్లు."

"అంటే?"

"సీసాని నమ్మకు. అప్పుడెప్పుడో పదేళ్ల కిందట ఏమైందో తెలుసా, సీసా మూత వదులై..."

"...నీళ్లు ఆవిరై ఉప్పు చిక్కబడింది. అందరూ సీసా కరెక్టన్నారు, మీరు మీ ఉమ్మి కరెక్టన్నారు. చివరికి మీరే గెలిచారు. పెద్ద డాక్టరు అందరి ముందూ మీ భుజం తట్టారు. పదిహేనుసార్లు విన్నాను."

"వింటే బుర్రకెక్కాలి. నా ఉమ్మిలో సోడియం ఎనిమిది, పొటాషియం ఇరవై నాలుగు. ఎండలకీ అంతే, వానలకీ అంతే. మా అమ్మ పోయిన మర్నాడు వచ్చి చూసుకున్నా. ఎనిమిది, ఇరవై నాలుగు. సీసా మూత వదులవుతుంది, నా నోరు వదులవదు."

"అది మాత్రం ఒప్పుకుంటా. కానీ ఒక సీసా కాదు మాస్టారూ. మూడు. మూడుసార్లు విడివిడిగా తూచి కలిపా. మూడూ ఒకే మాట చెప్పాయి. అప్పుడు ఆ నీళ్లతో నాబ్ సరిచేసి, ఫ్రిజ్‌లో మిగిలిన నిన్నటి మీ ట్యూబు పెట్టాను."

"నా ట్యూబు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నా."

"నన్నడక్కుండా?"

"అడిగితే ఇస్తారా? సోడియం ముప్పై నాలుగు. పొటాషియం పధ్నాలుగు."

"తప్పు చదివావు."

"మీ దగ్గరే నేర్చుకున్నా చదవడం."

"ముప్పై నాలుగా?"

"మూడుసార్లు చూశా."

"అయితే... అయితే తొందరలో ఉమ్మిందయి ఉంటుంది. అంతే. తొందరగా ఊరితే ఏమవుతుంది? చెప్పు చూద్దాం."

"ఇప్పుడు పరీక్ష పెడుతున్నారా?"

"చెప్పమ్మా."

"గ్రంథిలో పుట్టినప్పుడు ఉమ్మి రక్తమంత ఉప్పగా ఉంటుంది. నాళం గుండా నోటికొచ్చేలోపు ఆ నాళం గోడలు సోడియాన్ని వెనక్కి లాక్కుంటాయి, పొటాషియాన్ని ఉమ్మిలోకి వదుల్తాయి. నీళ్లని మాత్రం పెద్దగా దాటనివ్వవు. అందుకే నోటికొచ్చేసరికి చప్పబడుతుంది. తొందరగా పారితే గోడలకి టైము చాలదు, సోడియం ఉమ్మిలోనే మిగిలిపోతుంది."

"శభాష్. ఇంకా?"

"ఇంకా మీ వాచ్‌మన్ కథ. ఫౌండ్రీ గేటు దగ్గర సంచులు వెతికే వాచ్‌మన్. ఒక్కొక్కరే వస్తే ప్రతి సంచిలోంచీ సోడియం తీసేసుకుని, పొటాషియం పెట్టి పంపుతాడు. షిఫ్టు దిగిన జనం ఒక్కసారిగా మీద పడితే సగం సంచులు వెతక్కుండా వదిలేస్తాడు."

"అదీ! అంతకు మించి ఏం లేదు. తొందరలో ఉమ్మిన ఉమ్మి. దానికింత రాద్ధాంతం."

"తొందరేది మాస్టారూ? రిజిస్టరులో మీ రాత ఇదిగో. పది నిమిషాలు, మూడు మిల్లీలీటర్లు. మొన్న అంతే, నిన్న అంతే, పోయిన నెలా అంతే. రిజిస్టరు అబద్ధమా?"

"రిజిస్టరెందుకు అబద్ధమవుతుంది!"

"అబద్ధం కాకపోతే తొందర లేదు. ఉన్నా, ఒకరోజు తొందర పడతారు, రెండ్రోజులు పడతారు. నాలుగు నెలలు పడతారా?"

"నాలుగు నెలలని ఎవరన్నారు?"

"నాబ్ చుట్టూ మీరు పెన్సిల్‌తో గీసుకున్న గీతలు. ముప్పై ఒకటి. సోడియంవి ఒకవైపే, పొటాషియంవి దానికి ఎదురువైపు. మూడు నాలుగు రోజులకొకటి, వెంట్రుకంత ఎడంతో."

"మెషీన్ ముసలిదవుతోందనుకున్నా."

"అనుకుని మీ నంబరు ఎనిమిది అయ్యేదాకా ప్రతిసారీ కాస్త తిప్పారు. అలా తిప్పిన మెషీన్‌తో ఆ పదకొండు మందినీ కొలిచారు. వాళ్ల ఉప్పు ఎక్కడికీ పోలేదు మాస్టారూ. మీది పోతోంది."

"ఆగు. ఫోను. ...హలో. ఆ, చెప్పమ్మా. ...అదేమిటి, పదకొండన్నారుగా? ...ముందు చెయ్యాల్సినామె రాలేదా? సరే, డాక్టరుగారు చేసేస్తానంటే చెయ్యనీ. మంచిదే, మీ అమ్మకి ఖాళీ కడుపుతో ఎదురుచూసే బాధ తప్పుతుంది. ...నేనెందుకు, సంతకం నువ్వే పెట్టెయ్. ...బీపీ తక్కువుందా? అది ఎప్పుడూ ఉన్నదేగా ఈ మధ్య. నాకెక్కువ, దానికి తక్కువ, కలిపి పంచుకుంటే ఇద్దరికీ సరిపోతుందని చెప్పు. ...వస్తున్నా, వస్తున్నా. పెట్టెయ్."

"ముందుకి జరిపారా?"

"పదికే లోపలికి తీసుకెళ్తారట. నేను బయల్దేరాలి. ఆ సంచి ఇటివ్వు."

"ఇస్తాను. పిన్నిగారిని చేర్చిన నర్సింగ్ హోము రెండు వీధుల అవతలేగా. ముందు నేనడిగిన నాలుగు మాటలకి జవాబు చెప్పండి."

"నువ్వు డాక్టరువా?"

"కాదు. డాక్టర్ని పిలవాలో వద్దో తేల్చుకోవాలి. ఉప్పు తినాలని బాగా అనిపిస్తోందా ఈ మధ్య?"

"నాకా! నాకు ఉప్పు పేరెత్తితే కోపం."

"అబద్ధం. మొన్న మీ క్యారేజీలో కూర రుచి చూశా. నాలుక కాలిపోయింది. సముద్రంలో ఉడికించినట్టుంది."

"అది నా రుచి కాదమ్మా, మా ఆవిడ చెయ్యి. తూకం తప్పింది. ఉప్పు డబ్బా పక్కన పెట్టుకునే పడుకునేట్టుంది. మొన్న చూద్దును కదా, అరచేతిలో పోసుకుని నాకుతోంది, చిన్నపిల్లలాగా. నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకుంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు."

"సరే. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయా?"

"ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నానుగా నీ ముందు."

"బరువు తగ్గారా?"

"ఈ పొట్ట చూసి అడుగు ఆ మాట."

"నోరు తెరవండి."

"ఏమిటే!"

"తెరవండి మాస్టారూ, సిగ్గెందుకు. పెదవి పైకి లాగండి. చిగుళ్లు చూడాలి."

"ఆఁ... చూడు. ఏం కనబడింది? నిధులా?"

"ఎర్రగానే ఉన్నాయి."

"ఉండవూ మరి?"

"అరచేతులు. గీతల్లో నలుపుందా... లేదే. శుభ్రంగా ఉన్నాయి."

"చూశావా? రాయిలా ఉన్నాను. నువ్వూ, నీ మూడు సీసాలూ."

"నాకర్థం కావట్లేదు. చిగుళ్లు నల్లబడాలి. ఎండ తగలని చోటు కూడా నల్లబడాలి ఈ జబ్బులో."

"ఏ జబ్బులో?"

"వాచ్‌మన్‌కి ఆర్డరు ఎవరిస్తారు మాస్టారూ? సోడియం పట్టుకో, పొటాషియం పంపెయ్ అని?"

"మూత్రపిండాల మీద ఉంటాయిగా, టోపీల్లాగా, ఆ గ్రంథులు."

"అవి చచ్చుబడితే?"

"ఆర్డరు రాదు."

"రాకపోతే వాచ్‌మన్ గేటు వదిలేసి కూర్చుంటాడు. ఒక్క నోట్లోనే కాదు. చెమటలో, మూత్రంలో, అన్నిచోట్లా. ఉప్పంతా బయటికి పోతుంది. వెళ్లాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. అది గుండెకి విషం. మీరే చెప్పారు నాకు, చేరిన మొదటి వారంలో. ఉమ్మిలో సోడియం పెరిగి, పొటాషియం తగ్గితే ముందు ఆ గ్రంథుల్ని అనుమానించు అని. మీ ట్యూబు సరిగ్గా అదే చెబుతోంది."

"పుస్తకాల్లో చెప్పేవి వేరు..."

"పుస్తకాల మాట కాదిది. పైకేం తెలీదు ఆ జబ్బున్నవాళ్లకి. మామూలుగా తిరుగుతూనే ఉంటారు. కాస్త నీరసం, బీపీ తక్కువ. ఉప్పు కోసం వెతుక్కుంటారు. కడుపునొప్పి, వాంతులు..."

"కడుపునొప్పి కూడానా?"

"కడుపునొప్పి కూడా. అందుకే చాలామంది దాన్ని ఇంకేదో అనుకుంటారు. ఏం, మీకుందా?"

"...లేదు."

"దాచకండి నా దగ్గర."

"లేదంటున్నా కదా. తర్వాత? తర్వాతేమవుతుంది వాళ్లకి?"

"ఏమీ కాదు, మందులేసుకుంటే మామూలు మనుషులే. భయమల్లా తెలియకుండా తిరిగేవాళ్లకే. ఒక పెద్ద జ్వరం రావాలి, పెద్ద దెబ్బ తగలాలి, లేదా కత్తి పడాలి. ఒళ్లు తట్టుకోవాలంటే ఆ గ్రంథులే సాయం రావాలి. రావు. బల్ల మీదే బీపీ పడిపోతుంది, ఎంత సెలైన్ ఎక్కించినా లేవదు. ఎందుకో అక్కడ ఎవరికీ అంతుపట్టదు."

"కత్తి అంటే... ఎలాంటి కత్తి?"

"ఎలాంటిదైనా. ఒక్కోసారి పన్ను పీకినా చాలు."

"మత్తిచ్చి, జాగ్రత్తగా, పెద్ద డాక్టరు చేసినా?"

"పెద్ద డాక్టరైనా ఆయనకి తెలియాలిగా. తెలిస్తే ముందే ఒక సూదిమందు ఇస్తారు. ఒక్క సూదిమందు మాస్టారూ, అంతే. మనిషి దక్కుతాడు."

"తెలియకపోతే?"

"చెప్పాగా."

"రక్తపరీక్షలో తెలిసిపోతుందిగా? ఆపరేషను ముందు చేస్తారుగా?"

"సోడియం, పొటాషియం చూస్తే తెలియొచ్చు. ఒక్కోసారి చివరిదాకా అవీ మామూలుగానే ఉంటాయి. చిన్నచోట అసలు చూడకపోవచ్చు. ఎందుకలా అడుగుతున్నారు? మీకేదైనా ఆపరేషను ఉందా?"

"నాకేం లేదు."

"మాస్టారూ, కూర్చోండి. నేను భయపెట్టాలని కాదు. నా ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి వెతుక్కుంటా. మీరు నా మీద రాసింది కూడా వదిలెయ్యండి. పైఅంతస్తులో డాక్టరుంటారు, ఇప్పుడే రక్తం ఇద్దాం. మీ సంగతి తేలిపోతుంది."

"నీళ్లు..."

"ఇది ఏడో గ్లాసు. వచ్చినప్పట్నుంచీ లెక్కపెడుతున్నా. నోరెండిపోతోందా?"

"బీపీ మాత్రలు. నోరంతా పిడచగట్టుకుపోతుంది వాటితో."

"ఎప్పట్నుంచి వాడుతున్నారు?"

"కొన్నాళ్లుగా."

"కొన్నాళ్లంటే?"

"నాలుగు... నాలుగు నెలలు ఉంటుందేమో."

"నాలుగు నెలలా? ఏం మారలేదన్నారే ఇందాక?"

"మాత్రలేగా, అవేం మారడం."

"మాట్లాడ్డానికే తడి లేదు మీ నోట్లో. పది నిమిషాల్లో మూడు మిల్లీలీటర్లు ఎలా వస్తోంది మీకు?"

"వస్తుంది. ఎలాగో వస్తుంది."

"ఎక్కడ నింపుతారు ట్యూబు? నేను చేరాక ఒక్కరోజు కూడా మీరిక్కడ ఉమ్మడం చూళ్లేదు. తడిగుడ్డలో చుట్టి సంచిలో తెస్తారు."

"ఇంట్లోనే. పొద్దున్నే, వంటింట్లో కూర్చుని... పళ్లు తోమకముందు..."

"మాస్టారూ, నా వైపు చూసి చెప్పండి."

"మొదట్రోజు తొమ్మిది, ఇరవై మూడు వచ్చింది. నేనే ఆశ్చర్యపోయా. దాదాపు అదే కదా అనుకున్నా. ఇన్నేళ్లు ఒకే కంచంలో తిన్నట్టు బతికాం, నంబర్లు కూడా కలిశాయిలే అని నవ్వుకున్నాం..."

"ఎవరు నవ్వుకున్నారు? ఏం మాట్లాడుతున్నారు మీరు? మాస్టారూ, మీ ఫోను మోగుతోంది. మాస్టారూ!"

"...హలో. ...ఆ. ...నర్సా? ఏమడిగింది? ...లేదు, మీ అమ్మ ఏమీ నమలదు. వక్కపలుకు కూడా వేసుకోదు, నీకు తెలీదూ? ఎందుకడిగిందట? ...ఏవి నల్లగా ఉన్నాయి? చిగుళ్లా? ...అరచేతులు కూడానా? ...మీ అమ్మేదీ? ఫోను అమ్మకివ్వు. ...ఎప్పుడు? ...ఐదు నిమిషాలయిందా? తలుపేశారా? ...ఆ తలుపు కొట్టు. కొట్టవే, విరగ్గొట్టు! హలో! హలో!"

"ఏమైంది మాస్టారూ? పిన్నిగారికేమైనా... ముందు మీరు కూర్చోండి, పడిపోయేట్టున్నారు. లేవకండి. నేను పైకి పరిగెత్తి డాక్టర్ని తీసుకొస్తా, ఆ సూదిమందు మీకిక్కడే వేయిస్తా."

"నాక్కాదు తల్లీ, ఆ సూదిమందు పట్టుకుని నర్సింగ్ హోముకి పరిగెత్తు. నాలుగు నెలలుగా ఆ ట్యూబు నింపుతున్నది మా ఆవిడ."